చప్పుడు చేయని మిషను

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. ఫోను అందని ఆ కొత్త కట్టుబడి సైటులో దుమ్ము మింగుతూ కూడా నువ్వు కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను. అమ్మ మంచం మీద ఉంది. నేను ఆ మంచం పట్టెకు ఆనుకుని, నేల మీద కూర్చుని రాస్తున్నాను. రాసే ప్రతి మాటా పైకి చదవాలని ఆవిడ షరతు. నా గొంతు వినపడుతుంటే నేను ఉన్నట్టు, ఆగితే లేనట్టు. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఈ పన్నెండు రోజులూ ఇదే వరస.

నీ ఉత్తరం చేరింది. ఎప్పటిలాగే నంబర్లు వేసి మరీ ప్రశ్నపత్రం పంపావు. చదివి వినిపిస్తే అమ్మ, "దీనికి మొగుడంటూ ఉంటే పాపం రోజూ పరీక్ష రాసేవాడు" అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చి, తగ్గేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను.

మొదటిది, తింటున్నానా అని అడిగావు. వండుతున్నాను, తింటున్నాను. కింది వాటాలో ఉండే నర్సమ్మ రోజూ పొద్దున్నే వచ్చి అమ్మకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి వెళుతోంది. ఓ రోజు నా వంట రుచి చూసింది. మారు మాట్లాడకుండా ఉప్పు డబ్బా మూత బిగించి, నాకు అందనంత ఎత్తులో పెట్టి పోయింది.

రెండోది తర్వాత రాస్తాను. మూడోది నువ్వు పంపిన కంప్యూటర్ కూలర్ సంగతి.

నా పని నీకు తెలిసిందే. ఇంకా కట్టని భవనాలకు ఫొటోల్లాంటి బొమ్మలు తయారుచేయడం. ఒక్కో బొమ్మకు కంప్యూటర్ ఆరేడు గంటలు ఒళ్లు దాచుకోకుండా పనిచేయాలి. ఆ పనికి ప్రాసెసర్ కాలిపోతుంటే, మిషనుతో పాటు వచ్చిన అరచేతి వెడల్పు ఫ్యాను దాన్ని చల్లార్చలేక హోరుమని అరిచేది. వేడి తొంభై అయిదు డిగ్రీలకు చేరితే మిషను తనంతట తానే నెమ్మదించేది. నేను పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని ముఖాన తిప్పేవాణ్ణి. అదో హోరు. మన ఇల్లు పిండిమర పక్కన ఉన్నట్టుందని నువ్వు ఫోనులో తిట్టింది అప్పుడే. అమ్మ కూడా నీతో, "రోజంతా వీడి మిషను హోరేనే" అందట. అంతే, నువ్వు ఆ పెట్టె పంపావు.

బిగించడానికి సందు చివర షాపాయన, మన రిపేర్ల మామ వచ్చాడు. పాత ఫ్యాను విప్పి, రెక్కల సందుల్లో పేరుకున్న దుమ్ము వేలితో లాగి, "దీంతో ఓ దిండు కుట్టించుకో అబ్బాయ్" అన్నాడు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పాత పేస్టు ఎండి పెళుసుబారి ఉంటే గీకి, స్పిరిటుతో తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టాడు. ఇంకాస్త పూస్తే ఇంకా చల్లబడదా అంటే, "తలకు రాసుకునే నూనె కాదిది" అన్నాడు. జానెడు ఎత్తున్న నీ కూలర్‌ను కూర్చోబెట్టాడు. ఫ్యాను పెద్దదైతే నిదానంగా తిరిగినా ఎక్కువ గాలి తోస్తుందట. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి వేడిగాలి బయటికి పోయేలా ఇంకో రెండు ఫ్యాన్లు, రేకు అదరకుండా వాటి మూలల్లో రబ్బరు బిళ్లలు. అరవై డిగ్రీలు దాటేదాకా అన్నీ మెల్లగానే తిరగాలని సెట్టింగుల్లో పెట్టాడు. పెద్ద బొమ్మ ఒకటి పెట్టి గంటసేపు చూశాం. అరవై ఎనిమిది దాటలేదు. మామ రేకుకు చెవి ఆనించి, "బతికుందో లేదో ముట్టుకుని చూడాల్సి వస్తోంది" అన్నాడు.

లోపలి గదిలోంచి అమ్మ, "ఏరా, కట్టేశారా?" అంది. "లేదమ్మా, నడుస్తూనే ఉంది. ఇక నీకు హాయి" అన్నాను. ఆవిడ బదులు పలకలేదు. సంతోషించిందనే అనుకున్నాను.

అక్కా, ఇక్కడి నుంచి పెదవులు కదపకుండా రాస్తున్నాను.

"ఆగావేం?" అంది అమ్మ. మాటలు వెతుక్కుంటున్నానన్నాను. "వెతుక్కో. గొంతు వినపడేలా వెతుక్కో" అంది. అందుకని ఉప్పు డబ్బా సంగతే మళ్లీ మొదటి నుంచి చెబుతూ, చేత్తో ఇది రాస్తున్నాను.

నీ రెండో ప్రశ్నకు జవాబు. ఆపరేషన్ చేయరు. తుంటి ఎముక విరిగింది కానీ, మత్తుమందుకు గుండె తట్టుకోదని డాక్టరు అన్నాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము కూడా చేరుతోంది. ఎన్నాళ్లని అడిగితే, "వారాలైతే చెప్పగలను, నెలలు అడక్కండి" అన్నాడు. అమ్మకు మాత్రం ఎముక అతుక్కోగానే నడుస్తావని చెప్పాను.

నాలుగోది. బజారుకు వెళ్లేటప్పుడు నర్సమ్మకు ఒక మాట చెప్పి వెళ్లలేకపోయావా అని రాశావు. ఆ వాక్యం కింద గీత కూడా గీశావు. నేను బజారుకు వెళ్లలేదు.

నా కుర్చీకీ అమ్మ మంచానికీ మధ్య పది అడుగులు, ఒక గడప, ఒక తెర. చూపు పోయిన ఈ మూడేళ్లలో అమ్మ నన్ను ఊరికే పిలిచింది లేదు. ఎందుకు పిలవడం లేదో నేను ఎన్నడూ ఆలోచించలేదు. మిషను హోరు పెడుతుంటే కొడుకు అక్కడున్నట్టే కదా. నీతో ఫోనులో హోరేనే అన్నది ఫిర్యాదు కాదక్కా, కబురు. మనిద్దరికీ అర్థం కాలేదు.

కూలర్ బిగించిన మర్నాటి నుంచి పిలవడం మొదలుపెట్టింది. పావుగంటకోసారి, "ఉన్నావట్రా?" రెండు రోజులు ఉన్నానమ్మా, ఉన్నానమ్మా అన్నాను. మూడో రోజు, "ఎక్కడికి పోతాను, నా బతుకంతా ఈ కుర్చీలోనేగా" అని విసుక్కున్నాను. ఆ తర్వాత గొంతు తగ్గించి పిలిచేది. అదింకా చిరాకనిపించింది. అయిదో రోజు మధ్యాహ్నం సొరుగులోంచి హెడ్‌ఫోన్లు బయటికి తీశాను. ఫ్యాను హోరు వినపడకూడదని ఎప్పుడో కొనుక్కున్నవి. అమ్మ గొంతు వినపడకూడదని పెట్టుకుని, పాటలు పెద్దగా పెట్టాను.

ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు. కుర్చీలో ఉన్నానో లేనో తడిమి చూద్దామని లేచింది. గడప తట్టుకుంది. పడిన అదురు నేలలోంచి నా పాదాలకు తెలిసింది, చెవులకు కాదు. నేను ఎత్తుతుంటే, "ఎక్కడికెళ్లావురా?" అంది. "బజారుకమ్మా, ఇప్పుడే వచ్చాను" అంది నా నోరు. డాక్టరుకూ అదే చెప్పాను, నర్సమ్మకూ అదే, నీకూ అదే. అప్పటి నుంచి అమ్మ, వచ్చిన వాళ్లందరితో, "వాడు లేనప్పుడు లేచాను, నా తొందరే నా కొంప ముంచింది" అంటోంది. పక్కనే నిలబడి వింటున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంటికి తెచ్చిన రోజే మామను బతిమాలి పాత ఫ్యాను మళ్లీ పెట్టించాను. అది హోరుమనగానే అమ్మ కాసేపు విని, "ఎందుకురా ఇప్పుడు? మీరు చంటిపిల్లలుగా ఉన్నప్పుడు నా కుట్టు మిషను ఆగితే లేచి ఏడ్చేవాళ్లు. నేను తొక్కితేనే తిరిగేది కాబట్టి అది తిరిగితే నేనున్నట్టే. నీది మనిషి లేకపోయినా తిరుగుతుంది" అంది. వెళ్లి కట్టేశాను. మళ్లీ నడపలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి పైకి చెప్పే కబుర్లు అయిపోయాయి. "కలం చప్పుడు ఒకలా పోతోంది, నీ గొంతు ఇంకోలా పోతోంది. రాసింది చదువు" అంది అమ్మ. తప్పించుకుందామని చూశాను. చెయ్యి చాచి నా తల దొరికేదాకా తడిమి, జుట్టు పట్టుకుంది.

నాలుగో జవాబు మొత్తం చదివాను. పాటల దగ్గర ఆగబోతే జుట్టు పట్టి లాగింది.

"పడ్డాక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాన్రా. వీధి తలుపు చప్పుడు రాలేదు. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉంటే వినపడకేం" అంది అమ్మ.

"తెలిసి కూడా ఎందుకు అడగలేదమ్మా?"

"బజారుకెళ్లానన్నావు. నువ్వు లేక పలకలేదనుకుంటే ఈ నొప్పి ఓర్చుకోగలను. ఉండీ పలకలేదనుకుంటే ఓర్చుకోలేను. అందుకని నువ్వు చెప్పిందే ఉంచుకున్నా."

ఇప్పుడు అది కూడా ఆవిడ దగ్గర లేకుండా చేశాను.

జుట్టు మాత్రం వదల్లేదు. "రెండోది తర్వాత అని దాటేశావు. అదీ చదువు" అంది. చదివాను. వారాలు అన్న మాట దగ్గర వేళ్లు కొంచెం బిగిశాయి, అంతే. ఏడవలేదు. "అయితే ఇక ప్రశ్నలు పంపొద్దని, తననే రమ్మని రాయి" అంది.

రాస్తున్నాను, పైకి చదువుతూనే రాస్తున్నాను. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరు. వచ్చాక నన్ను ఏం తిట్టాలన్నా తిట్టు, పడతాను. గుమ్మంలోకి అడుగుపెట్టగానే మాత్రం ముందు గట్టిగా మాట్లాడు.

ఇట్లు,
అమ్మ మంచం పక్కనే ఉన్న
నీ తమ్ముడు