పూర్తి పేరు పెట్టి పిలిచిన మనిషి

చిరంజీవి జ్ఞానేశ్వరికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ చిన్నీ కులాసాగా ఉండాలని అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాకే ఈ కాగితం తీశాను. చిన్నికి దగ్గు తగ్గిందా? వాము నీళ్ళు కాచి ఇవ్వు. బళ్ళో నీ పాఠాలు మెచ్చుకున్నారని రాశావు, సంతోషం. మోకాలికి తైలం రాస్తున్నావా అని అడిగావు. రాస్తున్నాను, మెట్లు మాత్రం ఎక్కలేకపోతున్నాను. కొత్తవాళ్ళెవరైనా వచ్చారా, శ్రీచరణ్ ఊసేమైనా తెలిసిందా అనీ అడిగావు. దానికే జవాబు రాయాలమ్మా. ముందు రాయవలసింది వెనక రాస్తున్నాను.

మొన్న శుక్రవారం రైతు బజారులో ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు ఎదురొచ్చాడు. మందపాటి నల్ల కళ్ళజోడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"బాలాత్రిపురసుందరి గారూ! బాగున్నారాండీ? మీ మనవరాలు కూచిపూడి నాట్యం ఎంత బాగా చేసిందండీ! మీరు ఆకుపచ్చ చీర కట్టుకుని పక్కనే నుంచున్నారు కదా."

నాకు ఆనవాలు తెలియలేదు. అంత ఆప్యాయంగా పలకరించినవాణ్ణి పట్టుకుని ఎవరు నువ్వని ఎలా అడగను? చిన్నబుచ్చుకుంటాడని, "బాగున్నాను నాయనా, అమ్మ బాగుందా?" అన్నాను. సంచీ అందుకుని ఆటో దాకా మోశాడు. "జ్ఞానేశ్వరక్క ఇప్పుడెక్కడండీ?" అన్నాడు. "మంగళగిరిలో బాబూ, బళ్ళో టీచరుగా చేస్తోంది" అనేశాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తోచింది. నన్ను ఊరంతా సుందరమ్మ అనే అంటారు. ఆ పొడుగు పేరు వాడికెలా తెలుసు?

మన పక్కింటి శౌరమ్మకి చెబితే నెత్తి కొట్టుకుంది. "అయ్యో పెద్దమ్మగారూ, అది మామూలు కళ్ళజోడు కాదండీ. దాంట్లో కెమెరా ఉంటది, మాటలు కూడా రికార్డు చేస్తది. మొహం కనపడితే చాలు, నెట్లో ఉన్న ఫొటోలన్నీ ఎతికి పేరు చెప్పేస్తదంట. మా ఆస్పత్రికి ఒకడు పెట్టుకొస్తే బయటికి తోలేశారు. మీరు భలేవారండీ, ఎవరో అడక్కుండానే వాళ్ళమ్మ మంచిచెడ్డలు కూడా కనుక్కున్నారా?"

చిన్ని డాన్సు ఫొటో నీ స్నేహితురాలు మన పేర్లన్నీ రాసి నెట్లో పెట్టిందన్నావే, అదే అయి ఉంటుంది. పోలీసు స్టేషనుకి వెళ్ళమంది శౌరమ్మ. ఏమని చెప్పను? పలకరించాడనా, సంచీ మోశాడనా? నీకు చెబితే భయపడి ఇల్లు మారతావు, చిన్నికి మళ్ళీ బడి పోతుంది అనుకున్నాను. నాలుగు రోజులు కడుపులో దాచుకున్నాను. అది నా తప్పే.

ఈ పొద్దున శ్రీచరణ్ ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, మీకొకటి వినిపిస్తా" అన్నాడు. నా గొంతే. "మంగళగిరిలో బాబూ..." అంటున్నాను. వాడు నవ్వి, "ఆ ఊళ్ళో బళ్ళు చాలా ఉన్నాయిలెండి. వస్తున్నానని మీ అమ్మాయికి చెప్పండి" అని పెట్టేశాడు.

చెప్పులేసుకుని నీ దగ్గరికి బయల్దేరాను. గేటు తీసేసరికి ఎదురుగా టీ బడ్డీ దగ్గర అదే కళ్ళజోడు. ఇటే చూస్తున్నాడు. నేను కంగారుపడి పరుగెత్తాలనే ఆ ఫోను. నేను వస్తే నా వెనకే నీ గుమ్మం దాకా వస్తాడు. లోపలికొచ్చి తలుపేసుకున్నాను. నీ నంబరు నా దగ్గర ఉంచకపోవడం ఎంత మంచిదో, ఇవాళ అంత కష్టంగా ఉంది.

పోయినసారి శ్రీచరణ్ నీ చెయ్యి విరిచాడు. ఈసారి ఏం చేస్తాడో రాయలేను. ఈ కాగితం చూడగానే చిన్నిని తీసుకుని బయల్దేరు. ఎక్కడికో నాకు తెలియనివ్వకు, నా నోట్లో ఆగదు. నాకు జబ్బు చేసిందని ఎవరు చెప్పినా రాకు. నిజమైనా రాకు.

శౌరమ్మ రెండింటి డ్యూటీకి మంగళగిరి వస్తూ, పెరటి దారిన బయటపడి ఇది నీకు పట్టుకొస్తుంది. నేను బియ్యం చేట ముందేసుకుని వీధరుగు మీద కూర్చుంటాను. నువ్వు ఊరు దాటేదాకా లేవను. వాడు నన్నే చూస్తూ ఉండాలి.

ఇట్లు,
నీ అమ్మ