చార్టులో రంగు

ప్రత్తిపాడు

అమ్మడూ హారికా,

నీకూ, అల్లుడుగారికీ, మనవడికీ మా ఇద్దరి దీవెనలు. ఇక్కడ మా ఆరోగ్యాలు బాగానే ఉన్నాయి. కోయంబత్తూరులో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మిరప కోతలు మొదలయ్యాయి. పక్క కల్లం నుంచి వచ్చే ఘాటుకి మీ అమ్మ పొద్దస్తమానం తుమ్ముతూనే ఉంది.

నువ్వడిగిన పని అయింది. షేర్లను జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్‌నీ, చార్టులు చూపించే సాఫ్ట్‌వేర్‌నీ నువ్వు రాసి పంపిన వరుసలోనే కలిపాను. ఒకచోట ఆగిపోతే కంప్యూటర్ షాపు అనీస్ వచ్చి సరిచేశాడు. ఇదివరకు జల్లెడలో మిగిలిన ప్రతి పేరునూ చార్టులో మళ్లీ టైపు చేసేవాణ్ణి. ఇప్పుడు పేరు మీద నొక్కితే చాలు, పక్కనే చార్టు తెరుచుకుంటోంది. లెక్కల మేష్టారుగా రిటైరయ్యాక మళ్లీ ఇన్నాళ్లకు పొద్దున్నే లేవాలనిపిస్తోంది. డబ్బు పెట్టలేదులే, ఇంకా సాధనే.

ఇక అసలు సంగతి. ఫోనులో అయితే మధ్యలో అడ్డుపడతావని ఉత్తరంలో రాస్తున్నాను.

సోమవారం మీ అమ్మకి గొప్పగా చూపిద్దామని ఒక పేరు నొక్కాను.

"చూడు, ఇవాళ ఎంత పెరిగిందో! కొంటే ఇలాంటివే కొనాలి" అన్నాను, కాస్త ఊహించే.

"ఏందండీ మీరు? ఎర్రగా ఉంటే తగ్గినట్టని మీరేగా చెప్పారు!"

"ఎర్రగా ఉందా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. వంటింట్లోకి వెళ్లి ఒక పండుమిరప, ఒక పచ్చిమిరప తెచ్చి నా ముందు పెట్టింది. "వీటిల్లో పండు ఏది? ముట్టుకోకుండా చెప్పండి."



అవునమ్మా హారికా, నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. రెండూ మట్టిరంగే. చిన్నప్పుడు మిరపచేలో పళ్లతోపాటు కాయలూ కోసేస్తుంటే మా నాన్న, "ఒరేయ్, కళ్లెక్కడ పెట్టుకున్నావురా?" అని కూలీలందరి ముందూ అరిచేవాడు. కావాలని చేస్తున్నాననుకునేవాడు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. పెళ్లయ్యాక మీ అమ్మకీ చెప్పలేదు.

సోమవారమే ఆవిడకి అంతా చెప్పేశాను. ఆవిడ విని, "మరి ఇన్నేళ్లూ నా చీర రంగు బాగుందని ఎట్టా చెప్పారండీ?" అని నవ్వేసింది. నాకూ నవ్వాగలేదు.

మర్నాడు అనీస్ చార్టులో పెరిగితే నీలం, తగ్గితే పసుపు వచ్చేట్టు మార్చాడు. ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా కనిపించింది. చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా ఎందుకంటే, మనవడు కౌశిక్ బొమ్మల్లో ఆకులకు ఎర్రరంగు వేస్తున్నాడనీ, అది పెంకితనమని టీచరు అంటోందనీ రాశావు. గుంటూరులో కంటి డాక్టరుగారిని అడిగాను. ఇది తాత నుంచి కూతురి ద్వారా మనవడికి రావచ్చట. వాణ్ణి కోప్పడకు. పరీక్ష చేయించు. అదే అయితే టీచరుకి చెప్పి, రంగుపెన్సిళ్ల మీద పేర్లు రాసిపెట్టు. బొమ్మలు మాత్రం మాన్పించకు.

ఆదివారం ఫోను వాడికివ్వు. తాతకీ నీలాగే కనిపిస్తుందిరా అని నేనే చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న
లక్ష్మీకాంత్