మాష్టారి కారు బంపరు

జూలై 4
మాష్టారి అంబాసిడర్ మీద టార్పాలిన్ తీశాను. ముందు బంపరు నిండా ఎర్రటి చుక్కలు. వేలితో రాస్తే పొడి రాలింది. బందరులో ఉప్పుగాలికి పాడైపోతోందనేగా పెడన తెచ్చి మా బట్టల అద్దకాల షెడ్డులో పెట్టింది... "నీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది రమణా" అన్నారు. బళ్ళో నాకు లెక్కలు నేర్పిన మనిషి.

జూలై 5
స్టీలు పీచుతో రుద్దాను. తుప్పు పోయింది — మెరుపూ పోయింది. అన్నీ గీతలే. ఎందుకంత తొందర నాకు.

జూలై 7
వెనక బంపరు శుభ్రంగా ఉంది. ముందుదానికే ఎందుకు? చుట్టూ చూశాను. దానికి ఎదురుగా నల్లరంగు కుండలు — బెల్లం నీళ్ళలో పాత మేకులు నానేసినవి. ఆ పులిసిన ఆవిరే. వానకి తడుస్తాయని కుండల్ని అక్కడికి జరిపింది నేనే.

జూలై 8
బంపరు విప్పించి, గోనెపట్టా చుట్టి, ట్రాలీ ఆటోలో గుడివాడ. క్రోమ్ పూత వేసే ఆయన గోటితో గీకి చూశాడు. "పొర లేచిపోయిందండీ. ఇంక రుద్దకండి, రుద్దేకొద్దీ పోతుంది." కొత్త పూతకి పది రోజులట. అక్కడే వదిలి వచ్చాను. ఎల్లుండి మాష్టారికి కంటి ఆపరేషన్.

జూలై 9
మావారు చెప్పొద్దంటారు. ఆపరేషనయ్యాక నెల దాకా మాష్టారు ఇటు రారు, ఈలోపు బంపరు వచ్చేస్తుంది, ఎవరికి తెలుస్తుంది అని. నిజమే. అన్నం సయించలేదు.

జూలై 11
వాళ్ళమ్మాయి ఫోను. ఆపరేషన్ బాగా జరిగిందట. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇటే వస్తారట. కారు చూడాలట.

జూలై 12
నిద్ర లేదు.

జూలై 13
వచ్చారు. నల్లద్దాలు పెట్టుకుని. టార్పాలిన్ తియ్యకముందే చెప్పేశాను — కుండలు, స్టీలు పీచు, గుడివాడ, అన్నీ. మాటలు వరసగా రాలేదు. హెడ్‌లైటు చుట్టూ ఉన్న రింగు తడిమారు. అక్కడా గరుకు. నేను చూడనే లేదు... మెత్తటి గుడ్డ, కొంచెం నూనె అడిగారు. ఇద్దరం చెరోవైపు గంటసేపు తుడిచాం.

వెళ్ళేటప్పుడు అన్నారు — "కుండలు తీసేస్తే నీ పని సాగదు. బందరు తీసుకెళ్తే ఉప్పుగాలి. ఎక్కడ ఉంచమంటావు రమణా?"

ఆలోచించి చెప్పమన్నారు.

తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళారు. రేపు ఫోను చెయ్యాలి. ఏమని... ఉంచండి అనా, తీసుకెళ్ళండి అనా...