నా కొత్త పళ్ళ ఈలకు కదులుతున్న బస్సుల గురించి

డిపో మేనేజరు గారి సముఖమునకు, బస్టాండు అనౌన్సరు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: పరదేశములో కట్టించుకున్న పళ్ళను సరిచేయించుకొనుటకు పది రోజుల సెలవు కోరుట గురించి.

1. నా ముందు పళ్ళు ఆరు చాలాకాలంగా కదులుచుండెను. మెత్తనిది మింగుటే తప్ప నమిలి ఎరుగను. ఇక్కడి ఆసుపత్రిలో పేరు వ్రాయించగా ఏడు నెలలాగి రమ్మనిరి. మా బావమరిది, "విదేశం వెళ్తే నాలుగు రోజుల్లో అయిపోతుంది బావా, ఊరు కూడా చూసి రావచ్చు" అనగా నమ్మి వెళ్ళితిని.

2. అక్కడి వైద్యము మెచ్చదగినదే, అబద్ధమాడను. చెప్పిన వేళకు పిలిచిరి. నొప్పి లేదు. అయితే డాక్టరమ్మ అడిగినదేదీ అర్థము కాక, మర్యాదకు అన్నిటికీ తల ఊపితిని. అందులో ఒకటి, "పళ్ళ మధ్య కాస్త సందు ఉంచమంటారా?" అనునదై ఉండవలెను.

3. తిరిగి వచ్చి మైకు ముందు కూర్చున్న రోజే, 'స' పలికినప్పుడెల్లా ఆ సందులోంచి ఈల వచ్చుచున్నట్లు బయటపడినది. ఈల వినబడితేనే బండి కదల్చవలెనని డ్రైవర్లకు తమరి ఉత్తర్వు కలదు. "ఆరో నంబరు బస్సు సిద్ధంగా ఉంది" అనగానే ఆరుతోపాటు తొమ్మిది, పదమూడు కూడా బయలుదేరినవి. ఆరో నంబరు కండక్టరు టీ గ్లాసుతో వెంట పరుగెత్తెను. అత్తగారికి సీటు చూపించుటకు ఎక్కిన అల్లుడొకరు ఆమెతోనే వెళ్ళిపోయిరి. మూడు రోజులైనది, అత్తగారు కదలనిచ్చుట లేదట. ఆయన భార్య రోజూ నా కిటికీ వద్దకు వచ్చి, "నీ పళ్ళు రాలిపోను!" అనుచున్నారు. ఆ మాట ఫలించునేమోనని దిగులుగా ఉన్నది.

4. ఇక్కడి పళ్ళ డాక్టరు నోట్లోకి లైటు వేసి చూచి, "పని బ్రహ్మాండంగా ఉందండీ. నేను మాత్రం ముట్టుకోను. కట్టినవాళ్ళనే అడగండి" అని లైటు ఆర్పివేసెను. గ్యారంటీ కాగితము వారి భాషలో ఉన్నది. బావమరిదిని చదవమనగా, "తలకిందులుగా పట్టుకున్నామేమో బావా" అన్నాడు.

5. నిన్న తమరు పిలిచి, "ఏమిటయ్యా ఇది?" అని గద్దించినప్పుడు, "సార్, సెలవు" అని రెండు మాటలే అంటిని. తమ గది కిటికీ తెరచి ఉండుటచే యార్డులోని నాలుగు బండ్లు వెళ్ళిపోయినవి. అందుకే ఈ వ్రాతపూర్వక అర్జీ.

కావున సెలవు మంజూరు చేసి, ఆ బండ్ల విషయమై నిన్న నాకిచ్చిన మెమోను రద్దుపరచి, నోరు తెరవలేని ఈ మనిషి మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అనౌన్సరు (ప్రస్తుతము మౌనము)

తా.క.: అయ్యా, ఇది మా ఆవిడకు చదివి వినిపించాను. ఐదో అంశం దగ్గర ఇద్దరం పడీ పడీ నవ్వాం. నేను నోరారా నవ్వడం పెళ్ళయ్యాక ఇదే చూడటమట. "ఈల వస్తే రానీయండి, మళ్ళీ ఆ పళ్ళ జోలికి వెళ్ళకండి" అంది. నాకూ అదే బాగుందనిపించింది. యార్డులో బండ్లను వెనక్కి తీయించే మనిషి కావాలని విన్నాను. సెలవు వద్దు, ఆ పని ఇప్పించండి చాలు. ఆఫీసు తరఫున ఈల ఇవ్వనక్కర్లేదు.