రాని కామెర్లకు పథ్యం

బాపుకు,

నీ పెద్దబిడ్డ రవళి హన్మకొండ హాస్టల్ నుంచి దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. ఈ మాట అందరూ రాసినట్టు ఊరికే రాయలేదు, చూసుకునే రాశాను. రాత్రి ఏడు గంటలు నిద్రపోయాను, పొద్దున రెండు గ్లాసుల నీళ్లు తాగి ఉప్మా తిన్నాను, గోలీలు తప్పలేదు. మీరంతా ఎట్లున్నారు? అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? చెల్లె చిన్ని తన పుస్తకాలకు అట్టలు వేసుకుందా? కుట్టుమిషన్‌కు మోటారు పెట్టిస్తానన్నావు, పెట్టించావా? సూదిలో దారం ఎక్కించడానికి కళ్లద్దాలు పెట్టుకుంటున్నావా, ఇంకా చిన్నినే పిలుస్తున్నావా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో నా గొంతు కొంచెం లేచిందంటే చాలు, "గోలీ ఏస్కున్నవా బిడ్డా?" అంటావు. కోపానికే కాదు, నవ్వుకూ అదే ప్రశ్న. మొన్న నా వ్యాసాన్ని మా తెలుగు సారు క్లాసులో చదివి వినిపించాడు. ఆ సంతోషం చెప్పబోతే అమ్మ సగంలోనే "జర మెల్లగ మాట్లాడు. గోలీ ఏస్కున్నవా?" అన్నది. నాకు సంతోషించే హక్కు కూడా డాక్టరు చీటీ మీద రాసి ఇవ్వాలా?

ఈ ఉత్తరం ఒక్క ఊపులో రాయలేదు బాపు. మంగళవారం రాసి పక్కన పెట్టాను. రెండు రాత్రులు కడుపునిండా నిద్రపోయి, మళ్లీ చదివి, తిరగరాశాను. కోపం అట్లనే ఉంది. కాబట్టి ఇది కోపమే, రోగం కాదు.

ఇక్కడ వానలు తగ్గలేదు. తాడు మీద ఆరేసిన బట్టలు మూడు రోజులైనా చెమ్మ వాసనే. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. అమ్మ చేసే గోకరకాయ కూర గుర్తొస్తే ఏడుపొస్తుంది. ఏడుపొస్తుందంటే కంగారు పడకు, మామూలు ఏడుపే. కాలేజీ అయిపోయాక గ్రంథాలయంలో నిఘంటువు ముందేసుకుని కూర్చుంటాను. రోజుకు ఒక్క మాట నేర్చుకుంటాను. ఒక్కటే. అదీ డాక్టరు మేడంతో ఒప్పుకున్న లెక్కే. పడుకునే ముందు ఒక నోట్‌బుక్కులో ఎన్ని గంటలు నిద్రపోయానో, మనసు ఎట్లుందో రాసుకుంటాను. మనసుకు ఎన్ని పేర్లున్నాయో చూస్తుంటే ఆశ్చర్యమేస్తుంది. దిగులు, బెంగ, ఉబలాటం, ఉక్రోషం. ఈ వారమంతా ఉక్రోషమే రాశాను.

ఎందుకో నీకు తెలుసు. ఐతారం నాడు ఫోన్లో ఏమన్నావో గుర్తుందా? "వచ్చే ఐతారం అత్తమ్మోళ్ల కొత్తింటి పండుగ. పొద్దుగాల బస్సుకు రా. గోలీల డబ్బా తేకు, రెండు దినాలే గద. అందరి నడుమ మింగితే ఏం గోలీలని అడుగుతరు. నీకు చప్పిడి కూర అలగ్ వండుతనన్నది మా అక్క."

ఉప్పు లేని చప్పిడి కూర! మళ్లీనా బాపు?

మొదటి నుంచి చెప్తాను, మధ్యలో ఆపకు. ఇంటర్ రెండో సంవత్సరంలో రెండు నెలలు నేను మంచం దిగలేదు. తల దువ్వుకోలేదు, తినలేదు, బతకాలని కూడా అనిపించలేదు. పరీక్షల భయమన్నావు, బద్ధకమన్నావు, బలం సూది వేయించావు. తర్వాత ఇక్కడ డిగ్రీలో చేరాక నేను నిద్రపోవడమే మానేశాను. అన్ని ఊళ్ల మాటలతో నెలలో కొత్త నిఘంటువు రాస్తానని గది గోడల నిండా సుద్దముక్కతో మాటలు రాశాను. అందరూ "ఎంత కష్టపడే పిల్ల" అని మెచ్చుకున్నారు. భయపడ్డది ఒక్క ఫర్హానానే. స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల, నా గదిలోనే ఉంటుంది.

"నాలుగు దినాలసంది నువ్వు పండుకుంటలేవు. అయినా అలసిపోతలేవు. చదువు గాదే ఇది, నాకు భయమైతాంది" అన్నది.

"నన్ను చూసి ఓర్వలేకపోతున్నవ్" అన్నాను. ఎంత మాట! అయినా ఆమె అలగలేదు. వార్డెన్‌ను పిలిచి, ఆటోలో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయింది. ఆ మంచం దిగని రోజులు, ఈ నిద్రలేని రోజులు రెండూ ఒకే రోగమని, దాని పేరు బైపోలార్ అని అక్కడ మేడం చెప్పింది. షుగర్‌కు వాడినట్టే దీనికీ వరుసగా మందు వాడాలన్నది. లిథియం గోలీలు రాసింది. నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఎప్పుడూ తినేంతే తినాలి, ఉన్నట్టుండి తగ్గించొద్దు అని కాగితం మీద రాసి నీ చేతికే ఇచ్చింది. నువ్వు దాన్ని మడిచి కొలతల పుస్తకంలో పెట్టుకున్నావు.

ఇంటికొచ్చిన మర్నాడు జాకెట్టు ఇచ్చిపోయేందుకు వచ్చిన ఆమె "బిడ్డ గింత గుంజుకపోయిందేంది?" అని అడిగితే, నువ్వు మిషన్ ఆపకుండానే "పచ్చకామెర్లు" అన్నావు. నేను లోపలి గదిలో విన్నాను. రోగాల్లో కూడా మర్యాదస్తులుంటారని ఆ రోజే తెలిసింది.

సాయంత్రానికల్లా అత్తమ్మ దిగింది, పసరు మందు పట్టుకుని. ఎండాకాలం, పైన రేకులు. ఆమె మూడు వారాలు మనింట్లో కూర్చుని నాకు కాపలా కాసింది. "పద్మా, ఉప్పు ముట్టనియ్యకు. ముట్టిందా, కామెర్లు తిరగబెడ్తయ్" అని అమ్మను బెదిరించింది. ఒక రోజు అమ్మ అన్నం కింద మామిడికాయ తొక్కు ముక్క దాచి పెట్టింది. అత్తమ్మ వేలితో అన్నం కెలికి పట్టుకున్నది! "బిడ్డను సంపుతవానే?" అన్నది. ఆమెను ఏమనను? ఆమెకు తెలిసిన రోగానికి ఆమె ప్రేమగా పథ్యం చేసింది. నిజం తెలిసిన నువ్వు మాత్రం పక్కనే కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టుకుంటున్నావు.

నా చేతులు వణకడం మొదలైంది. దారం ఎక్కించమని నువ్వు సూది ఇస్తే ఎక్కించలేకపోయాను. విరేచనాలు, వాంతులు. నడిస్తే తూలుడు. ఎంతో ఇష్టపడి నేర్చుకున్న మాటలు నాలుక మీద ముద్దకట్టి బయటికి రాలేదు. అప్పుడు జీపులో వేసుకుని వరంగల్‌కు, మళ్లీ ఆ మేడం దగ్గరికే తెచ్చారు. రక్తపరీక్ష చూసి మేడం మొహం మారిపోయింది.

"ఉప్పు ఎవరు బంద్ చేసిండ్రు?"

"కామెర్లకు పథ్యం, మేడం" అన్నావు.

"ఈమెకు కామెర్లు ఎప్పుడొచ్చినయ్?"

నువ్వు చాలాసేపు గోడ మీది క్యాలెండర్ చూసి, "రాలేదు మేడం" అన్నావు.

ఉప్పూ నీళ్లూ తగ్గితే లిథియం ఒంట్లోంచి పోకుండా రక్తంలో పేరుకుపోతుందని, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదని మేడం చెప్పింది. సెలైన్ ఎక్కించారు. కొన్ని రోజులు గోలీ ఆపి, మళ్లీ తక్కువతో మొదలుపెట్టారు. ఇప్పుడు చెప్పిన తేదీకి రక్తపరీక్షకు పోయివస్తున్నాను, ఫర్హానా తోడొస్తుంది. ఇంత జరిగాక ఇంటికొచ్చి నువ్వు అందరితో ఏమన్నావు? "ఆ గోలీలు పడలేదు." తప్పు గోలీల మీద వేశావు. అబద్ధం మాత్రం ఇంట్లో హాయిగా కూర్చున్నది, ఇప్పుడు కొత్తింటి పండుగకు కూడా వస్తానంటున్నది.

బాపు, నేను డబ్బా తెస్తాను. రెండు రోజులు కాదు, ఒక్క పూట కూడా నా అంతట నేను మానను. అందరి నడుమ కూర్చునే వేసుకుంటాను. నా నిద్ర మూడు నాలుగు గంటలకు పడిపోయి కూడా నేను అలసిపోకుండా తిరిగితే, అప్పుడు అడుగు. మాట మీద మాట ఆగకుండా వస్తే, ఇల్లు అమ్మి అచ్చుయంత్రం కొందామంటే, అప్పుడు ఫికర్ చెయ్. మళ్లీ మంచం దిగకపోతే, చచ్చిపోతే బాగుండునని ఒక్కమాటన్నా, ఎవరినీ అడగకుండా జీపు ఎక్కించి దవాఖానకు తీసుకుపో. నవ్వినందుకు, అలిగినందుకు మాత్రం అడగకు.

ఇంకొకటి. మనింట్లో చిన్ని ఉంది. ఈ రోగం కొందరికి చదువుకునే వయసులోనే బయటపడుతుందట, ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరి మీదా ఓ కన్నేసి ఉంచమన్నది మేడం. చిన్నికి వచ్చి తీరుతుందని కాదు. రేపు ఆమె మనసు బాగాలేకపోతే మనకు చెప్పుకుంటుందా, ముందుగా ఏదైనా మర్యాదగల రోగం వెతుక్కుంటుందా? ఆమె అన్నీ చూస్తున్నది బాపు.

నువ్వు చెడ్డవాడివని రాయడం లేదు. ఆ దవాఖాన వరండాలో నాలుగు రాత్రులు నేల మీద పడుకున్నది నువ్వే. నన్ను హన్మకొండ పంపొద్దని నలుగురూ అన్నా బస్సెక్కించిందీ నువ్వే. అందుకే ఈ కోపం నీ మీద. పరాయివాళ్ల మీదైతే ఇన్ని కాగితాలు ఖర్చు చేసేదాన్ని కాదు.

తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుంటాను, అమ్మను తొక్కు సీసా ఒకటి కట్టి ఉంచమను. ఫర్హానాకు నల్ల లంగా మీదికి జాకెట్టు కావాలట, కొలతలు వెనక పేజీలో రాశాను. అమ్మకు దండాలు, చిన్నికి ముద్దులు. మీ ఇద్దరి దీవెన ఉంటే పరీక్షలు బాగా రాస్తాను.

పండుగలోపు అత్తమ్మకు నిజం చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఈ ఉత్తరం తీసుకుపో. ఆమెకు చదువు రాదు కదా, నువ్వే చదివి వినిపించాలి. క్యాలెండర్ చూసిన చోట ఆగకు బాపు. ఆ తర్వాతి మాట గట్టిగా చదువు.

అందరితో పాటు ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినాలని ఉన్న
నీ బిడ్డ
రవళి