బొగ్గు మ్యూజియంలో గైడు

తమ్ముడూ,

మా బొగ్గు ప్లాంటు మూయించి, పనివాళ్లందరికీ వేరే ఉపాధి చూపించామని మీ ఆఫీసు రిపోర్టులో రాశావట. నిజమే. ముప్పై ఏళ్లు నేను మంట చూసుకున్న బాయిలర్ గది ఇప్పుడు మ్యూజియం, నేను దానికి గైడును. నువ్వు రాసిచ్చిన కాగితం పట్టుకుని, "బొగ్గు పొగ ఊపిరితిత్తులకు విషం" అని వచ్చినవాళ్లకల్లా చదివి వినిపిస్తున్నాను. మధ్యలో నాకు దగ్గు తెర వస్తే, నటిస్తున్నాననుకుని చప్పట్లు కొడుతున్నారు.

మూయడం తప్పనను. కానీ నిన్న ఒక పంతులమ్మ, "ఇన్నేళ్లూ ఈ పొగతో బాగుపడిందెవరండీ?" అని అడిగింది. కాగితమంతా వెతికాను, జవాబు లేదు. నా బాయిలర్ జీతంతో సాగిన నీ చదువు గుర్తొచ్చి, కాగితం మడిచి వాళ్లను పక్క గదికి తీసుకెళ్లాను.

ఈసారి ఎవరైనా అడిగితే నీ పేరు చెప్పమంటావా?

నీ అన్నయ్య