తేనెచేతులవాడు

బుకిట్ బటోక్, సింగపూర్, మంగళవారం రాత్రి

ఫిన్లాండ్, హంగరీ వైపు ఉండే ఫిన్నో-ఉగ్రిక్ జాతుల భాషల కోర్సులో చేరడానికి రేపే ఆఖరి రోజు. నన్ను చదివిస్తున్నది బాబాయి కాబట్టి, భోజనాల దగ్గర ధైర్యం చేసి అడిగేశాను.

"లోకమంతా జావా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంటే నీకిదేం పిచ్చే?" అన్నాడు.

ఇవాళ ఊరికే కూర్చుని విన్న క్లాసు గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. పూర్వం ఫిన్లాండ్ వాళ్లు అడవిలో ఎలుగుబంటిని పేరు పెట్టి పిలిచేవారు కాదట. పిలిస్తే వచ్చేస్తుందని భయం, పైగా దానిమీద గౌరవం. అందుకే 'తేనెచేతులవాడు' అనేవారట. ఎంత ముద్దొచ్చే మాట!

"మూఢనమ్మకాలకి కూడా మార్కులేస్తారా?" అని నవ్వి, బాబాయి వంటింటి వైపు తిరిగాడు. "ఏమోయ్, పప్పులో బుట్టలోది తగ్గింది, కాస్త పట్రా."

దీపాలు పెట్టాక మా ఇంట్లో ఎవరూ ఉప్పుని పేరు పెట్టి అడగరు. ఇక్కడ అది ఉండేది ప్లాస్టిక్ డబ్బాలో. అయినా బుట్టలోదే! డబ్బా తెస్తున్న పిన్ని నవ్వాపుకోలేకపోయింది.

"డాడీ, యూ ఆల్సో సేమ్ లా!" అంది చెల్లి శ్రావ్య తన సింగపూర్ ఇంగ్లీషులో.

బాబాయి అన్నం ముగించాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు.

"మరి తోడేలునేమంటారే?"

"తెలీదు బాబాయ్. అది వచ్చే వారం పాఠం."

"అయితే విని వచ్చి చెప్పు."

అంటే చేరమన్నట్టే! ఇక నేను చదువుతున్న జావా పరీక్షలో ఫెయిలవకుండా ఉంటే చాలు…